మా అత్త ఫిల్టరూ, పానకాలు మావయ్య పంతమూ

మా వెంకటేశ్వరమ్మత్త కాఫీ పెట్టేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. అది ఆ ఇంటి చట్టం. బుల్లయ్య మావయ్య పొలం నుంచి పరిగెత్తుకొచ్చి మిరపతోటకి బొబ్బర తెగులు తగిలిందని చెప్పబోయినా సరే, డికాక్షన్ దిగేదాకా వసారాలో నిలబడాల్సిందే.

"తోట ఎటూ పోయింది. కాఫీ కూడా పోగొట్టుకుంటామా?" అంటుంది ఆవిడ.

నేను ఆ ఇంట్లో చేరింది 2002లో. గుంటూరు బ్రాడీపేటలో గది తీసుకుని డిగ్రీ రెండో ఏడు దాకా ఎలాగో లాగాను. ఒకరోజు పొద్దున్నే లేచి, ఇక నా వల్ల కాదని, పుస్తకాలన్నీ గదిలోవాడికి అప్పజెప్పి బస్సెక్కేశాను. మా నాన్న గుమ్మంలోకి రానివ్వలేదు. ఆయన చెల్లెలు రానిచ్చింది. మార్టూరుకి నాలుగు కిలోమీటర్ల దూరంలో వాళ్ళ ఊరు.

"చదువు అబ్బకపోతే పీడాపోయె. గేదె పాలు తియ్యడం వచ్చా?" అని అడిగింది అత్త.

"రాదు."

"అదీ రాదా!" అని పగలబడి నవ్వి, పళ్ళెంలో అన్నం పెట్టింది.

అత్త పుట్టి పెరిగింది తెనాలిలో, రైల్వే క్వార్టర్స్ పక్క సందులో. ఆ క్వార్టర్స్‌లో ప్రేమమ్మ అని ఒక గుమాస్తా గారి భార్య ఉండేదట. ఆవిడ దగ్గర నేర్చుకుంది కాఫీ. పెళ్ళికి ఆవిడే ఇత్తడి ఫిల్టరు ఒకటి కానుకగా ఇచ్చింది. మజ్జిగా, టీ తప్ప ఇంకోటి ఎరగని ఈ ఊరికి అత్త దాన్ని పట్టుకుని కాపురానికొస్తే, వాళ్ళ అత్తగారు పై గిన్నె తీసి వెలుతురుకేసి పట్టి చూసి, "ఏమ్మాయ్, మీవాళ్ళు చిల్లులు పడ్డ గిన్నె ఇచ్చి పంపారేంటే?" అందట. ఈ మాట అత్త ఇప్పటికి వందసార్లు చెప్పి ఉంటుంది. చెప్పిన ప్రతిసారీ తనే ముందు నవ్వుతుంది.

ఆవిడ పద్ధతి చూస్తే నాకు పిచ్చెక్కేది. నెలకోసారి నేను గుంటూరు వెళ్ళి వేయించిన గింజలు తేవాలి. చికోరీ కలిపిన పొడి తెస్తే వీధిలోకి విసిరేస్తుంది. గింజల్ని ముందురోజు సాయంత్రం చేతిమరలో తిప్పుతుంది. ఇనప మర, చెక్కపీటకి బిగించి ఉంటుంది. తెల్లారుజామున నాలుగున్నరకి పత్తికట్టె పొయ్యి రాజేసి నీళ్ళు పెడుతుంది. ఇంట్లో గ్యాస్ ఉంది. అయినా పత్తికట్టే కావాలి. పై గిన్నెలో పొడి వేసి, చేత్తో గిన్నెని రెండు తట్లు తట్టి సర్దుతుంది తప్ప అదమదు. అదిమితే నీళ్ళు దిగవు. వదులుగా ఉంటే గబగబా దిగి పల్చనవుతుంది. దాని మీద కాడ ఉన్న చిల్లుల రేకు పెడుతుంది. దాన్ని గొడుగు అంటుంది. తెర్లిన నీళ్ళని ఓ నిమిషం పక్కన పెట్టి, అప్పుడు గొడుగు మీదుగా సన్నగా, గుండ్రంగా తిప్పుతూ పోస్తుంది. మూత పెట్టేసి పీట మీద కూర్చుంటుంది. ఇక అరగంట, ముప్పావుగంట, చుక్క చుక్క.

"ఇంతసేపా అత్తా? పొడి పాలల్లో వేసి కలిపితే నిమిషంలో అయిపోయే రకాలు వచ్చాయిగా."

"నిమిషంలో అయిపోయేవి నీ చదువులాంటివి. నోరు మూసుకుని కూర్చో."

నోరు మూసుకునేవాణ్ణి. తర్వాత ఆ కాఫీ తాగేవాణ్ణి. తాగాక ఇంకేం మాట్లాడతాం?

ఇంత బాగా కాఫీ పెట్టే మనిషికి ఒక్క దిగులుండేది. అది పక్కింటి గోడ అవతల ఉండేది.

పక్కిల్లు బుల్లయ్య మావయ్య అన్న పానకాలుది. ఆయన భార్య సామ్రాజ్యమత్త. తోడికోడళ్ళిద్దరూ ఒక్క ప్రాణం. అత్త కొత్తకోడలిగా వచ్చినప్పుడు పత్తి తియ్యడం దగ్గర్నుంచి నాలుక అదుపులో పెట్టుకోవడం దాకా నేర్పింది సామ్రాజ్యమే. రెండోది అబ్బలేదనుకోండి. పొద్దున కాఫీ తాగేటప్పుడు ఇద్దరూ అత్త వాళ్ళింట్లో ఒకే మంచం మీద కూర్చునేవాళ్ళట. ఊళ్ళో ఏ ఇంట్లో ఏం ఉడికిందో అక్కడ తేలేది.

1998లో అది తెగిపోయింది. పానకాలు మావయ్య ఇంటికి వియ్యాలవారు వచ్చారు. సామ్రాజ్యమత్త పొడిని నీళ్ళలో వేసి పావుగంట ఉడకబెట్టి, గుడ్డలో వడగట్టి అందరికీ ఇచ్చింది. మా అత్త ఒక గుక్క తాగి, నలుగురిలో, ఉన్న గొంతంతా పెట్టి అంది: "అక్కా, ఇది కాఫీయా, కుడితా? గేదెకి పెట్టినా మూతి తిప్పుకుంటదే!"

సామ్రాజ్యమత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. వియ్యపురాలు కూడా నవ్వింది. పానకాలు మావయ్య నవ్వలేదు. వియ్యంకుడి ముందు తల తీసేసినట్టయింది ఆయనకి.

"ఇవాళ్టి నుంచి నీ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముడితే నేను పానకాల్ని కాదు. మా ఇంటిది నీ గడప తొక్కదు. నువ్వు మా గడప తొక్కొద్దు" అన్నాడు.

అన్నాడంటే అన్నాడే. ఆయన మాట అలాంటిది. బీడీలు మానేస్తానని పొద్దున అని, మధ్యాహ్నానికి మానేసిన మనిషి. ఊళ్ళో గట్టు తగాదాలొస్తే ఆయన మాటే చివరి మాట. అన్నదమ్ములిద్దరూ పొలంలో మామూలుగానే మాట్లాడుకునేవాళ్ళు. ఒకే బోరు నీళ్ళు, ఒకే నాగలి. కానీ అన్నం దగ్గర పక్కపక్కనే కూర్చుని ఎవరి క్యారేజీ వాళ్ళు తినేవాళ్ళు. ఇంటికొచ్చేసరికి ఎవరి గుమ్మం వాళ్ళది.

"నాకు కాఫీ తాగే మనిషి లేకకాదురా శివా. కూర్చుని తాగే మనిషి లేక" అంది అత్త ఒకసారి. ఆవిడ మెత్తగా మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే.

అయితే ఆడవాళ్ళు మగవాళ్ళ పంతాలకి పూర్తిగా లొంగే రకం కాదు. రోజూ ఐదున్నరకి గోడ మీద అటునుంచి రెండు తట్లు వినపడేవి. అత్త పీటెక్కి కాఫీ గ్లాసు గోడ మీదుగా అందించేది. అటునుంచి ఒక చెయ్యి వచ్చి అందుకునేది. "ఎలా ఉందే?" "బానే ఉంది. గేదె ఈనిందా?" "రేపో ఎల్లుండో." అంతే. రెండు ముక్కలు, మళ్ళీ మర్నాడు. నేను వచ్చేనాటికి ఆ గ్లాసు కాస్తా రెండు గ్లాసులైంది.

"ఒక్క మనిషికి పొద్దున్నే రెండు గ్లాసులా? ఆవిడకి షుగరొస్తుంది చూడు" అన్నాను.

"దిష్టి పెట్టకు" అంది అత్త.

2003 మార్చి. మిరప కోతలు ముమ్మరంగా ఉన్నాయి. ఊరి చుట్టూ కల్లాలన్నీ ఎర్రగా పరిచినట్టున్నాయి. గాలి పీలిస్తే తుమ్ము, వదిలితే దగ్గు. ఆ నెలన్నర మా ఊళ్ళో ఎవడి ముక్కూ పనిచెయ్యదు. సరిగ్గా అప్పుడు అత్త చేతిమర పిడి విరిగింది.

"మార్టూరులో రాళ్ళు కోసే మిషన్లకి వెల్డింగ్ చేసేవాళ్ళుంటారు. సైకిలేసుకుని పోయి అతికించుకురా" అని, డబ్బాలో గింజలు చూపించింది. "పొడి ఐపోయింది. సాయంత్రానికి మర కావాలి."

ఆ ఎండలో నాలుగు కిలోమీటర్లు తొక్కడానికి నాకు బుద్ధి పుట్టలేదు. డబ్బాలో గింజలు సగం జేబులో పోసుకుని ఊరి చివర అబ్దుల్ ఖాదర్ భాయ్ మిల్లుకి నడిచాను. అక్కడ రెండు మరలు. ఒకటి పిండికి, ఒకటి కారానికి.

"ఏం అల్లుడూ, దారి తప్పావా?" అన్నాడు భాయ్. నేను జేబు ఖాళీ చేశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "పిండిమర బెల్టు తెగింది. రేపు రా."

"గుప్పెడు గింజలకి రేపా? ఆ కారం మరలో పొయ్యి భాయ్."

"మతి ఉందా? ఇందాకే రెండు బస్తాల తేజ మిరపకాయ ఆడించా."

"బియ్యం పోసి కడుగు."

ఆ పద్ధతి ఉంది. మరలో ఒక సరుకు తర్వాత ఇంకోటి ఆడించాలంటే మధ్యలో బియ్యం పోసి తిప్పుతారు. ఆ పిండి వెంట పాతది కొట్టుకొచ్చేస్తుంది. భాయ్ డబ్బాడు బియ్యం పోశాడు. ఎర్రపిండి వచ్చింది. ఇంకో డబ్బా పోశాడు. నారింజరంగు పిండి వచ్చింది. మూడోసారి లేత గులాబీ.

"ఇంకో రెండుసార్లు పోద్దాం" అన్నాడాయన.

"చాల్లే భాయ్, తెల్లగానే ఉందిగా" అన్నాను, ముక్కు చీదుకుంటూ.

కాఫీ గింజలు పోశాడు. నల్లటి పొడి పడింది. వాసన చూశాను. ఏమీ తెలియలేదు. భాయ్ చూశాడు. ఆయనకీ తెలియలేదు. ఇంటికి తెస్తే అత్త, పొద్దున్నుంచీ కాయలకి తొడిమలు తీసిన చేతుల్తో డబ్బా మూత తీసింది. గుప్పున ఘాటు కొట్టే ఉంటుంది. కానీ ఆ రోజుల్లో ఊళ్ళో ఘాటు కొట్టని వస్తువేది?

"మెత్తగా ఆడించాడే. వెల్డింగ్ వాడి దగ్గర మర కూడా ఉందా?" అంది.

"ఉంది. పిడి రేపు తెమ్మన్నాడు" అన్నాను.

మర్నాడు తెల్లవారుజామున నేను వాకిట్లో మంచం మీద పడుకుని ఉన్నాను. గోడ మీద రెండు తట్లు వినపడ్డాయి. రెండు గ్లాసులు అటు వెళ్ళాయి. తర్వాత అత్త బుల్లయ్య మావయ్యకి ఇచ్చింది. ఆయన వేడివేడిగా పెద్ద గుక్క వేశాడు.

నేను మంచం మీద నుంచి ఎగిరి కింద పడ్డాను. ఆయన దగ్గు అలాంటిది. కట్టుకొయ్య దగ్గర గేదె తాడు తెంపుకోబోయింది.

"ఏందే ఇదీ! కాఫీలో కారమేశావేందే!"

సరిగ్గా అదే క్షణాన, గోడ అవతల నుంచి ఇంకో దగ్గు. ఆడమనిషి దగ్గు కాదు.

"సామ్రాజ్యం! కాఫీలో కారమేశావేందే!"

అత్త నాలుక మీద ఒక చుక్క వేసుకుని చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడకేసి చూస్తూ నిలబడిపోయింది. నేను పడ్డచోటు నుంచి లేవలేదు. కారం సంగతి తెలిసింది నాకొక్కడికే కదా.

"ఒరేయ్ బుల్లయ్యా" అటునుంచి పానకాలు మావయ్య గొంతు. "నువ్వెందుకురా దగ్గుతున్నావ్?"

మా బుల్లయ్య మావయ్యకి కడుపులో మాట దాగదు. "కాఫీలో కారం పడింది అన్నయ్యా."

తర్వాత చాలా నెమ్మదిగా: "నా కాఫీలోనూ పడిందిరా."

అత్త అలాగే నేల మీద కూలబడింది. "అయిపోయిందిరా శివా. ఇక ఆ చెయ్యి కూడా గోడ మీదకి రాదు" అంది. కళ్ళలో నీళ్ళు. కారం వల్ల కాదు, ఆవిడ తాగింది ఒక్క చుక్కే.

వీధి తలుపు చప్పుడైంది. పానకాలు మావయ్య గ్లాసు చేత్తో పట్టుకుని వచ్చి మా గుమ్మం ముందు వీధిలో నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి, కళ్ళు ఎర్రగా, ముక్కు కారుతోంది. వెనకాల సామ్రాజ్యమత్త కొంగుతో మూతి కప్పుకుని ఉంది. కల్లాలకి పోయే జనం నలుగురైదుగురు ఆగిపోయారు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు. అడిగింది భార్యని.

"నాలుగున్నరేళ్ళ నుంచి" అంది సామ్రాజ్యమత్త. "ఈమధ్య నీ చెయ్యి తిరిగిందే, కాఫీ బాగా పెడుతున్నావ్ అన్నావు చూడు ఒకరోజు, నా గ్లాసు అందుకుని తాగి. అప్పట్నుంచి. అంతగా మెచ్చుకుంటుంటే ఎట్టా మానేదయ్యా?"

వీధిలో ఎవడో కిసుక్కుమన్నాడు. మా అత్త నోరు తెరుచుకుని తోడికోడలి వంక చూసింది. ఆవిడకీ ఇది కొత్త కబురే. రెండో గ్లాసు ఇన్నేళ్ళూ ఎవరు తాగారో అప్పుడు తెలిసింది.

పానకాలు మావయ్య గ్లాసు వాసన చూశాడు. నాలుక కొసతో తగిలించాడు. "తేజ కాయ. ఏ వెధవ ఆడించాడు దీన్ని?"

ఇక దాచి లాభం లేదు. "నేనే మావయ్యా. ఖాదర్ భాయ్ కారం మరలో. బియ్యం పోసి కడిగించాను."

"ఎన్నిసార్లు?"

"మూడు."

"తేజకి మూడేంట్రా బడుద్ధాయ్! ఆరుసార్లు పొయ్యాలి!" అని, మళ్ళీ అత్త వైపు తిరిగాడు. ముఖం గట్టిపడింది. "నలుగురిలో నన్ను మాట తప్పినవాణ్ణి చేశారు, ఇద్దరూ కలిసి."

అత్త లేచి గుమ్మం దాకా వెళ్ళింది. "బావగారూ, ఆనాడు నేనన్నది తప్పే. నలుగురిలో అనకుండా ఉండాల్సింది. అక్క చెవిలో చెప్పుకోవాల్సిన మాట."

"ఈ ముక్క చెప్పడానికి ఐదేళ్ళు పట్టిందా?"

"వినడానికి మీరు ఒక్కరోజన్నా నిలబడితేగా! నేను ఎదురొస్తే అటు సందులోకి తిరిగేవాళ్ళు."

ఆయన గడప ముందు చెప్పులు విడవడానికా, వెనక్కి తిరగడానికా అన్నట్టు ఒక కాలు లేపి ఆగాడు. జనం చూస్తున్నారు. ఆ మనిషికి ఎక్కడ పీకులాటో నాకు అర్థమైంది. మాట.

సామ్రాజ్యమత్త ఆయన పక్కకొచ్చి నిలబడింది. "ఏవయ్యా, మాట ఎప్పుడో తప్పావు. నాలుగున్నరేళ్ళు తెలీక తప్పావు. ఇవాళ తెలిసి తప్పు. ఏమైపోతావో చూద్దాం" అని, ఆయన కోసం ఆగకుండా గడప దాటి లోపలికొచ్చేసింది.

అందరూ నవ్వారు. పానకాలు మావయ్య నవ్వలేదు గానీ, చెప్పులు విడిచాడు.

లోపలికొచ్చి మంచం మీద కూర్చుని, "కారం లేని కాఫీ ఉందా?" అన్నాడు.

లేదు. అదీ తంటా. ఉన్న పొడంతా కారమే. చేతిమర విరిగి మూలన పడుంది. డబ్బా అడుగున నేను తీసుకెళ్ళగా మిగిలిన గింజలున్నాయి. రోట్లో దంచుదామంటే రోట్లో నిన్ననే పండుమిరప పచ్చడి నూరారు.

"మా ఇంట్లో మందులు నూరే కల్వం ఉంది" అంది సామ్రాజ్యమత్త. "శొంఠి తప్ప ఏమీ పడలేదు అందులో." పరిగెత్తి తెచ్చింది. గుమ్మంలోంచి అటూ ఇటూ పరిగెత్తుతుంటే ఆవిడ యాభయ్యేళ్ళ మనిషిలా లేదు.

అత్త నా చేతికి ఇవ్వబోయింది. పానకాలు మావయ్య లాక్కున్నాడు. "వీడి చేతికిస్తే ఇంకేం కలుపుతాడో." తనే కింద కూర్చుని, కాళ్ళ మధ్య కల్వం పెట్టుకుని దంచాడు. సగం బరక, సగం మెత్తన. అత్త ఫిల్టర్ని మూడుసార్లు వేణ్ణీళ్ళతో తోమింది. పొడి వేసి, తట్టి, గొడుగు పెట్టి, నీళ్ళు పోసి మూత పెట్టింది.

ఇక చెయ్యాల్సింది లేదు. కాఫీ దిగేదాకా ఆయన కదలడానికి లేదు. తాగకుండా పోతే గడప దాటి వచ్చిందానికి అర్థమే లేదు. తాగుదామంటే అది దిగదు. ఐదు నిమిషాలు ఫిల్టరుకేసి చూశాడు. తర్వాత బుల్లయ్య మావయ్యని బోరు మోటారు గురించి ఏదో అడిగాడు. పది నిమిషాలకి అత్తని, "ఆ పొయ్యిలో పత్తికట్టె ఏ చేనుదీ?" అన్నాడు. ఆవిడ చెప్పింది. ఇంకాసేపటికి, "ఇంకా దిగలేదా అమ్మాయ్?" అన్నాడు. ఐదేళ్ళ తర్వాత ఆవిణ్ణి అమ్మాయ్ అన్నాడు.

ఆ ఇంట్లో డికాక్షన్ దిగేటప్పుడు అందరూ మాట్లాడింది ఆ ఒక్కరోజే. అత్త ఒక్కసారి కూడా నోరు మూసుకోమనలేదు.

పొడి బరకగా ఉండటం వల్ల డికాక్షన్ పల్చగా దిగింది. అత్త రంగు చూసే ముఖం చిట్లించింది. నేను తాగాను కాబట్టి చెబుతున్నాను, ఆవిడ జన్మలో అంత చెత్త కాఫీ పెట్టి ఉండదు. శొంఠి వాసన కూడా.

పానకాలు మావయ్య ఊదుకుంటూ మొత్తం తాగాడు. అత్త ఆయన ముఖమే చూస్తోంది.

"బాలేదు కదా బావగారూ."

"కారం లేదు. అది చాలు" అని ఆయన గ్లాసు ముందుకు చాపాడు. "ఇంకాస్త ఉందా?"

అప్పటికి సామ్రాజ్యమత్త మంచం ఎక్కి గోడకి చేరగిలబడి కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. అత్త మిగిలిన డికాక్షన్ అంతా మగవాళ్ళ గ్లాసుల్లో వంచేసి, తన గ్లాసు పట్టుకుని ఆవిడ పక్కన సర్దుకుంది. ఇక మొదలైంది. ఐదేళ్ళ కబుర్లు. ఎవరింట్లో పిల్ల ఎవరిని కాదంది, ఎవరి గేదె ఎవరి చేలో పడింది, వియ్యపురాలు ఆనాడు బస్సెక్కాక కూడా కుడితి మాట తలుచుకుని ఎంత నవ్విందో. ఒకరు చెప్పడం, ఇంకొకరు ఆవిడ మోకాలి మీద చరచడం.

ఏడైంది. బుల్లయ్య మావయ్య వంటింట్లోకి తొంగిచూసి వచ్చాడు. "ఏమే, టిఫినేమన్నా..."

"బస్టాండు దగ్గర ఇడ్లీ వేస్తారుగా. పోయి తినిరండి" అంది అత్త, తల తిప్పకుండా.

ముగ్గురం బుల్లయ్య మావయ్య టీవీఎస్ బండి మీద మార్టూరు పోయాం. పోతూ పోతూ పానకాలు మావయ్య చేతిమర పిడి కూడా చంకలో పెట్టుకున్నాడు. వెల్డింగ్ వాడి దగ్గర గంట నిలబడి, నన్ను తిడుతూ దగ్గరుండి అతికించాడు. ఇడ్లీ తిన్నాం, మళ్ళీ తిన్నాం. తిరిగొచ్చేసరికి పది దాటింది. ఎండ వాకిలంతా పరుచుకుంది. గేదె అరుస్తోంది. పొయ్యి చల్లారి బూడిదైంది. వాళ్ళిద్దరూ అదే మంచం మీద, అదే గోడకి చేరగిలబడి, అలాగే ఉన్నారు.

బండి చప్పుడుకి సామ్రాజ్యమత్త తలెత్తి మా వంక చూసింది.

"అదేంటి, ఇంకా బయల్దేరలేదా మీరు?" అంది.